జగన్నాథరావు గారి కొలిమి

ఆ ఆదివారం పొద్దున జగన్నాథరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సీతారావమ్మ జహనుమాలో పిన్నికూతురి ఇంట్లో బారసాలకి వెళ్తుంది. భోజనాలయ్యాక గానీ తిరిగి రాదు. ఈలోగా తను పెరట్లో కొలిమి పెట్టి, ఒక ఇనపబద్దని కాల్చి, సాగగొట్టి, అట్లకాడ తయారుచేసి, తోమి వంటింటి గూట్లో పెట్టేస్తాడు. ఆవిడ వచ్చి ఇదెక్కడిదని అడుగుతుంది. "నేనే చేశాను" అంటాడు. ఆ రెండు మాటలూ ఏ గొంతుతో అనాలో గడ్డం గీసుకుంటూ అద్దం ముందు అని చూసుకున్నాడు కూడా.

జగన్నాథరావుది తెనాలి దగ్గర పల్లె. హైదరాబాదు వచ్చి ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, పాతబస్తీలో గౌలిపురలో ఒక వాటా అద్దెకి తీసుకుని స్థిరపడ్డాడు. చేరిన నాటి నుంచి అతని చేతి మీదుగా నడిచినవన్నీ కాగితాలే. అవి పై అధికారి గదిలోకి వెళ్ళి, ఎర్రసిరా గీతలతో తిరిగొచ్చి, బీరువాలో చేరి చెదలకి ఆహారమయ్యేవి. చేత్తో పట్టుకుంటే బరువు తెలిసే వస్తువు, తను చేసింది, ఈ భూమ్మీద ఒక్కటైనా లేదన్న సంగతి అతనికి నలభై దాటాక తట్టింది. ఆ దిగులుతోనే ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ, రోడ్డు పక్కన గుడారం వేసుకున్న దేశదిమ్మరి కమ్మరుల దగ్గర ఆగాడు. మొగుడు పట్టకారుతో ఇనుము పట్టుకుంటే పెళ్ళాం సమ్మెట వేస్తోంది. కాలిన ఇనుము బెల్లంపాకంలా సాగి, వంగి, చూస్తుండగానే కొడవలి అయింది. ఈలోగా బస్సులు రెండు వెళ్ళిపోయాయి. మూడో బస్సు వచ్చేసరికి జగన్నాథరావు మనసులో కమ్మరి అయిపోయాడు.

సరంజామా ఒక్కొక్కటీ కూడింది. సుత్తి ఇంట్లో ఉంది. పట్టకారు కొన్నాడు. కావలసింది దాగలి, అంటే కాలిన ఇనుముని పెట్టి కొట్టడానికి గట్టి ఇనపదిమ్మ. పాతసామాను అమ్మే ఒకతని దగ్గర మూరెడు పొడవు రైలు పట్టా ముక్క దొరికింది. "ఏనుగుతో తొక్కించినా ఇది వంగదు సాబ్" అన్నాడతను. జగన్నాథరావు దగ్గర ఏనుగు లేదు కాబట్టి ఆ మాట నమ్మి, దాన్ని గోనెసంచిలో చుట్టించి రిక్షాలో ఇంటికి తెచ్చాడు. అదేమిటని భార్య అడిగితే తులసికుండీ కింద పీట అన్నాడు.

సలహాలకి దుర్గయ్య ఉన్నాడు. పక్క వాటాలో అద్దెకుంటాడు. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి అందులో ఉద్యోగం. రోజూ ఖాకీ చొక్కా వేసుకుని ఫ్యాక్టరీ బస్సెక్కుతాడు. అలాంటివాడికి ఇనుము సంగతి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని జగన్నాథరావు ధైర్యం. కొలిమి మాట చెప్పగానే దుర్గయ్య కాసేపు ఆలోచించి, "గదేం పెద్ద పని అన్నా, మా దగ్గర రోజు గదే నడుస్తది" అన్నాడు.

సీతారావమ్మ రిక్షా వీధి మలుపు తిరగగానే ఇద్దరూ పనిలోకి దిగారు. చిన్న గుంట తీసి, మట్టి మెత్తి, బొగ్గులు నింపారు. గాలి కొట్టడానికి తోలుతిత్తి లేదు. "తిత్తి ఎందుకన్నా, మా ఫ్యాక్టరీల అన్ని కరెంటు మీదనే నడుస్తయి" అన్నాడు దుర్గయ్య. దాంతో సీతారావమ్మకి వాళ్ళ అన్నయ్య కొనిచ్చిన టేబుల్ ఫ్యాన్, ఆవిడ పూసల అల్లిక గుడ్డ కప్పి దాచుకునేది, పెరట్లోకి వచ్చి కొలిమి ముందు కూర్చుంది. ఇనుము ఎంత కాలిందో దాని రంగుని బట్టి తెలుసుకోవాలి, ఎండలో రంగు తెలియదు. అందుకని దండేనికి నాలుగు వైపులా దుప్పట్లు కట్టారు. రైలు పట్టాని ఒక చెక్కమొద్దు మీద పెట్టి కొడితే మొద్దు ఊగిపోయింది. దాన్ని భూమిలో పాతాలని ఇంకో గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు.

పెరటి అవతలి సగం ఇంటి యజమానురాలు మాణిక్యమ్మది. ఆమెకి ఎనిమిది బర్రెలు, వాటి పాలమీదే సంసారం. జగన్నాథరావు వేసిన మొదటి సుత్తిదెబ్బకి ఒక బర్రె తోక నిటారుగా లేచింది. రెండో దెబ్బకి అది పాలబకెట్‌ను తన్నేసింది. మూడో దెబ్బ పడేసరికి మిగతా ఏడూ పాలు చేపడం మానేసి ఒక్కసారిగా దుప్పట్ల వైపు తిరిగి చూశాయి. మాణిక్యమ్మ కొంగు దోపుకుని, అద్దెకున్నవాణ్ణి ఏమేం అనాలో వరసగా పేర్చుకుంటూ వచ్చింది. కానీ దుప్పటి దాకా వచ్చాక, లోపల మాటలు వినపడి ఆగిపోయింది.

"ఇంకా తవ్వాలా?" అంటున్నాడు జగన్నాథరావు.

"తవ్వుండ్రి అన్నా. గింత దూరం వచ్చినంక ఆగొద్దు."

"సీతకి మాత్రం ఇప్పుడే తెలియకూడదు. ఇవాళ్టికి ఇది మనిద్దరి మధ్యే ఉండాలి."

"నేనెవ్వరికి చెప్తనన్నా. గా రంగు జూడుండ్రి. ఎర్రగుంటె లాభం లేదు. పచ్చగ రావాలె. పచ్చగొచ్చిందంటె మన పని అయినట్టె."

మాణిక్యమ్మ దుప్పటి సందులో కన్ను పెట్టింది. నడుములోతు గొయ్యి. పక్కన మన్ను కుప్ప. పొగ. పొగ నడుమ తన కిరాయిదారు పట్టకారుతో పట్టుకున్న బద్ద ఒకటి, పసుపుపచ్చగా, పెళ్ళిలో పెట్టిన కాసులపేరులా వెలిగిపోతోంది. రజాకార్ల కాలంలో ఎవరో కలిగినవాళ్ళు పారిపోతూ పారిపోతూ ఆ వాడలో బంగారం పాతిపెట్టిపోయారని మాణిక్యమ్మ అత్తగారు చచ్చేదాకా చెబుతూనే ఉండేది. బతికుండగా ఆవిడ చెప్పిన మాట ఒక్కటీ నమ్మని మాణిక్యమ్మకి, అత్తగారి మీద మొదటిసారి గౌరవం కలిగింది. ఆమె దుప్పటి తొలగించింది.

"సారూ, ఏం జేస్తున్నరు?"

జగన్నాథరావు ఉలిక్కిపడ్డాడు. తొట్రుపాటులో నిజమే చెప్పేశాడు. "అట్లకాడండీ."

"ఎట్ల కాడ?"

"ఎట్లా కాదండీ. అట్ల. అట్లకాడ."

"గదే నేనడుగుతున్న. ఎట్ల కాడ, ఏ కాడ?"

"అట్లు ఉంటాయి చూడండి, దోశెలు. అవి తిప్పేది."

మాణిక్యమ్మ గొయ్యిలోకి చూసింది. దుర్గయ్య వైపు చూసింది. దుర్గయ్య చేతిలోని గడ్డపారని వెనక్కి దాచుకున్నాడు, ఎందుకు దాచుకున్నాడో అతనికీ తెలియదు.

"దోశెలు తిప్పెటందుకు గింత బొంద తవ్విండ్రా?" అంది మాణిక్యమ్మ. ఆమె ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది. అద్దె ఒక్కపూట ఆలస్యమైతే వీధి మొత్తానికి వినపడేలా మాట్లాడే మనిషి నోరు మూసుకుని వెళ్ళిపోవడం జగన్నాథరావుకి ఏదోలా అనిపించింది గానీ, బద్ద చల్లారిపోతోందని మళ్ళీ సుత్తి ఎత్తాడు.

ఆ పూట మాణిక్యమ్మ పాలు ఏ ఏ ఇళ్ళకి వెళ్ళాయో కబురు కూడా ఆ ఇళ్ళన్నిటికీ వెళ్ళింది. పాలలాగే కబురు కూడా వెళ్ళిన కొద్దీ పెరిగింది. మొదటి ఇంట్లో బంగారం కడ్డీ ఒకటి. వీధి చివరికి చేరేసరికి లంకెబిందెలు, వాటి మీద పడగ విప్పిన పాము, పామును మంత్రం వేసి పట్టిన దుర్గయ్య. భూమిలో దొరికిన ధనంలో భూమి గలవాళ్ళకి సర్కారు వాటా ఇస్తుందని ఆ చివరి ఇంటివాళ్ళే చెప్పారు. దాంతో మాణిక్యమ్మ ఖాళీ పాలక్యానుతో నేరుగా ఠాణాకి వెళ్ళింది.

ఇక్కడ పెరట్లో పని కుంటుపడింది. ఫ్యాన్ ముందు కీచుమంది, తరవాత దాని వైరు కరిగి నల్లటి పొగ వచ్చింది, ఆ తరవాత రెక్కలు తిరగడం మానేశాయి. ఇనపబద్ద చివర కొంచెం వెడల్పయి, ఎండిన వంకాయ ముక్కలా ముడుచుకుని ఉంది. అయినా అది మెత్తబడింది, తన దెబ్బకి లొంగింది. జగన్నాథరావు దాన్నే చూస్తూ చాలాసేపు చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

బయట ఏదో లొల్లి వినపడితే దుర్గయ్య తలుపు సందులోంచి చూసి వచ్చాడు. వచ్చేసరికి అతని ముఖం మారిపోయింది.

"అన్నా, బంగారం దొరికిందంట."

"ఎవరికి?"

"మనకే."

"ఎక్కడ?"

"గీడనే. గీ బొందల."

ఒక్క క్షణం ఇద్దరూ వంగి గొయ్యిలోకి చూశారు. అందులో చెక్కమొద్దు తప్ప ఏమీ లేదని రూఢి చేసుకున్నాక జగన్నాథరావుకి నవ్వొచ్చింది. "తలుపు తీసి చూపిస్తే సరిపోతుంది దుర్గయ్యా. ఇదీ కొలిమి, ఇదీ దాగలి, ఇదీ ఇనుము. చూసి వాళ్ళే నవ్వుకుంటూ పోతారు" అని తలుపు వైపు నడిచాడు.

దుర్గయ్య కదల్లేదు. దాగలినే చూస్తున్నాడు. "అన్నా, జర ఆగుండ్రి. గిది రైలు పట్ట గదా?"

"అవును."

"రైలు పట్ట రైలోళ్ళది గదా? సర్కారు మాల్. గట్లాంటిది ఇంట్ల దొరికితె పెద్ద కేసన్నా. మీది సర్కారు నౌకరీ. నౌకరీ పోతది, మనిషి లోపటికి పోతడు."

జగన్నాథరావు తలుపు గడియ మీద వేసిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. అతని ఆఫీసులో ఒకాయన ఇంట్లో ప్రభుత్వపు స్టూలు ఒకటి కనపడినందుకు జరిగిన విచారణ ఇంకా పూర్తి కాలేదు. స్టూలుకే అంత అయితే, రైలు నడిచే పట్టాకి ఎంతవుతుంది? పట్టా చూపిస్తే రైలు దొంగ. చూపించకపోతే బంగారం దొంగ. పెళ్ళాం కోసం అట్లకాడ చేద్దామనుకున్న మనిషి, మధ్యాహ్నమైనా కాకముందే రెండు నేరాల మధ్య నిలబడి ఉన్నాడు.

"పూడ్చేద్దాం" అన్నాడు గొంతు తగ్గించి.

పట్టాని మళ్ళీ గోనెసంచిలో చుట్టి గొయ్యిలోకి దింపి, ఇద్దరూ కాళ్ళతోనూ చేతులతోనూ మన్ను తోశారు. పైన తులసికుండీ పెట్టారు. దుర్గయ్య అక్కడ నిలబడి గబగబా తొక్కుతుండగానే తలుపు తట్టారు.

వచ్చినవాడు సబ్ ఇన్‌స్పెక్టర్ వైకుంఠం. వెనక కృష్ణయ్య అనే పాత జవాను, మరొక కొత్త జవాను. వాళ్ళ వెనక మాణిక్యమ్మ. ఆమె వెనక వీధి. మాణిక్యమ్మ చేతిలో పళ్ళెం ఉంది, అందులో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ ఉన్నాయి. లక్ష్మి ఏ రూపంలో బయటికొచ్చినా మర్యాద తప్పకూడదని ఆమె ఉద్దేశం. జనం గోడలెక్కారు. కొందరు బర్రెల కొట్టం మీదికి ఎక్కారు.

"ఏం దొరికింది?" అన్నాడు వైకుంఠం.

"ఏమీ దొరకలేదండి."

"బొంద ఎందుకు తవ్విండ్రు?"

"తులసికుండీ కోసమండి."

వైకుంఠం తులసికుండీని చూశాడు. అది మూరెడు ఎత్తున అప్పుడే పోసిన మన్ను మీద ఒకవైపుకి వాలి ఉంది. దుర్గయ్య మోకాళ్ళ దాకా మన్ను. జగన్నాథరావు కనుబొమల దాకా మసి. చుట్టూ దుప్పట్లు, నడుమ రాజుకుంటున్న బొగ్గులు. "తులసికి పొగ పెడుతున్నరా?" అని అడిగి, సమాధానం కోసం ఆగకుండా, "కృష్ణయ్యా, తవ్వు" అన్నాడు.

సరిగ్గా అప్పుడే సీతారావమ్మ జనాన్ని తోసుకుని లోపలికి వచ్చింది. కబురు జహనుమా దాకా వెళ్ళి, భోజనాల పంక్తిలో ఉన్న ఆవిడ చెవిన పడింది. విస్తట్లో వడ్డించిన బూరె వదిలేసి వచ్చిన మనిషి, పోలీసుల్ని చూసింది, గోతిని చూసింది, మసిలో ఉన్న భర్తని పోల్చుకుంది. ఇన్నిట్లో ఆవిడ అడుగు ఆగిపోయింది మాత్రం ఫ్యాన్‌ని చూశాకే.

"ఏవండీ," అంది. "నా ఫ్యాన్ ఎందుకలా ఉంది?"

"తరవాత చెబుతాను సీతా. ఇప్పుడు నన్ను పట్టుకుపోయేలా ఉన్నారు."

"పట్టుకుపోతే పోనివ్వండి. మా అన్నయ్యకి నేనేం చెప్పను?"

కృష్ణయ్య గడ్డపార దేనికో తగిలి ఆగింది. మన్ను తీస్తే గోనెసంచి అంచు కనపడింది. గోడల మీద ఒక్కసారిగా ఊపిరి బిగబట్టిన చప్పుడైంది. మాణిక్యమ్మ కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతుక్కుంది. వైకుంఠం చెయ్యెత్తాడు. దొరికింది ప్రభుత్వ ధనం, ఇక ఎవరూ ఉండకూడదన్నాడు. కొత్త జవాను లాఠీ పట్టుకుని గోడల మీది వాళ్ళనీ, కొట్టం మీది వాళ్ళనీ దింపి, మాణిక్యమ్మని కూడా బయటికి పంపి తలుపేశాడు. లోపల మిగిలింది ఇంటివాళ్ళిద్దరూ, దుర్గయ్య, పోలీసులు.

వంగితే సంచి చేతులకి అందలేదు. తాడు కట్టి, పక్కనున్న పందిరి వాసం మీదుగా వేసి కృష్ణయ్య, కొత్త జవాను పైకి లాగారు. సగం దూరంలో గోనె జారి కిందపడింది. నల్లటి ఇనపముక్క తాటికి వేలాడుతూ ఊగి, గోతిలో నిలబెట్టిన గడ్డపారకి తగిలింది. ఠంగుమంది.

కృష్ణయ్య తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తల ఒక పక్కకి వంచి, తప్పిపోయిన బిడ్డ పిలుపు విన్నవాడిలా విన్నాడు. తాడుని మెల్లగా పందిరి గుంజకి కట్టేసి, గడ్డపార తీసుకుని, ముక్కని మరొకసారి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. ఇక చెయ్యి ఆగలేదు, ఒక లయలో కొట్టుకుంటూ పోయింది. పన్నెండో దెబ్బ పడ్డాక గడ్డపార దించి, కళ్ళు తుడుచుకున్నాడు.

"సాబ్," అన్నాడు. "గిది మన గంట."

తలుపు అవతల జనం ఆ చప్పుడు జాగ్రత్తగా లెక్కపెట్టారు. "పన్నెండు," అని ఒకరికొకరు చెప్పుకున్నారు. "ఒక్కొక్కటి కొట్టి చూస్తున్నరు. పన్నెండు బిందెలు."

లోపల వైకుంఠం కండువా లాంటిదేదైనా దొరుకుతుందేమోనని చుట్టూ చూసి, ఏమీ దొరక్క టోపీ తీసి దానితోనే ముఖం తుడుచుకున్నాడు. జగన్నాథరావు అదే అదనుగా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. "సార్, అది రైలు పట్టా అని నాకు తెలుసు గానీ నేరమని తెలియదు. కొన్నాను. అట్లకాడ చేసుకోవడానికి కొన్నాను. ఈ దుర్గయ్య ఫ్యాక్టరీలో లోహాలు తెలిసినవాడు, ఆయన్ని అడగండి."

"నాకేం ఎర్కలేదు సార్," అన్నాడు దుర్గయ్య వెంటనే. "నేను ఫ్యాక్టరీల క్యాంటీన్ల ఛాయ్ పోస్త."

జగన్నాథరావు దుర్గయ్య వైపు తిరిగాడు. "క్యాంటీనా?"

"మీరెప్పుడు అడగలే గదన్నా."

"మరి ఎర్రగా, పచ్చగా అని చెప్పావు కదయ్యా?"

"ఛాయ్‌కి గట్లనే జూస్తరన్నా."

వైకుంఠం ఈ మాటలేవీ విన్నట్టు లేదు. నులకమంచం మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగాడు. తరవాత జగన్నాథరావుని పక్కన కూర్చోమన్నాడు. "సార్, గిది రైలోళ్ళది గాదు," అన్నాడు మెల్లగా. "ఎప్పటిదో నవాబుల కాలం నుంచి మా ఠాణా ముంగట యాపచెట్టుకు ఉండె. గంటలు దీని మీదనే కొడ్తరు. మొన్న ఎండకాలంల పోయింది."

"పోయిందా? ఠాణా నుంచా?"

"ఠాణా నుంచే. చెట్టు కింద పన్నెండు మంది పోలీసులు పండుకున్నరు, చెట్టుకున్న గంట పోయింది."

"ఫిర్యాదు చెయ్యలేదా మరి?"

"ఎవరికియ్యాలె సార్? ఫిర్యాదు తీస్కునేది నేనే. పైకి తెలిస్తె నా నౌకరీ ఏంగావాలె? అందరికి గంట రిపేరుకు పోయిందని చెప్పినం. గప్పటిసంది పగిలిన బకెట్ మీద కొడుతున్నం. ఇనపముక్కకు రిపేరేందని ఇంతవరకు ఎవ్వరు అడగలే, దేవుని దయ."

జగన్నాథరావు వెన్ను నిటారైంది. పొద్దుటి నుంచి మొదటిసారి తనకంటే ఎక్కువ భయపడుతున్న మనిషి పక్కన కూర్చున్నాడు. కాసేపటి కిందట సంకెళ్ళు ఊహించుకున్న చేతులు ఒడిలో పెట్టుకుని, ఆఫీసులో అలవాటైన గొంతుతో అడిగాడు. "తీసుకెళ్తే రసీదు ఇస్తారా?"

వైకుంఠం రెండు చేతులూ జోడించాడు. "మీరు గిది కొనలే. నేను గిది చూడలే. మీకు ఏం కేసు లేదు. ఖామోష్‌గ ఉండుండ్రి సార్, పిల్లలున్నరు నాకు."

అంతటితో అయిపోయేదే. కానీ తలుపు బయట వీధి వీధంతా ఉంది. గంటని విప్పి చూపిస్తే పుట్టినప్పటి నుంచి దాన్ని చూస్తున్న జనం ఇట్టే గుర్తుపడతారు, అది ఇక్కడికెలా వచ్చిందని అడుగుతారు. అందుకని గోనెసంచి మీద దుప్పటి, దుప్పటి మీద ఇంకో దుప్పటి చుట్టి, కృష్ణయ్యా, కొత్త జవానూ, దుర్గయ్యా నడుములు వంగిపోతూ మూటని బయటికి మోసుకొచ్చారు. జనం దారి ఇచ్చారు. వైకుంఠం ముందు నడుస్తూ, "ఏం లేదు. ఇనుము," అన్నాడు.

"ఇనుమంట," అన్నారెవరో. ఎవరూ నవ్వలేదు. నమ్మనివాళ్ళు నవ్వరు, చూస్తారు.

మాణిక్యమ్మ పసుపు కుంకుమ పళ్ళెంతో దారికి అడ్డంగా నిలబడింది. "ఇనుమైతె విప్పి చూపెట్టు సారూ."

"చూపెట్టొద్దు. సర్కారు పని."

"ఇనుముకు రెండు దుప్పట్లెందుకు? దానికి సలి పెడ్తదా?"

వైకుంఠం ముఖం దొంగసొత్తుతో దొరికినవాడి ముఖంలా అయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అతను చాలామందిని ఆ ముఖంతో చూశాడు. తన ముఖం అలా ఉండటం మాత్రం మొదటిసారి. "రేపు ఠాణాకు రా, మాట్లాడుదం," అన్నాడు.

"రేపెందుకు? మూటతోనే వస్త," అంది మాణిక్యమ్మ. మూట ఠాణా వైపు కదిలింది. దాని వెనక మాణిక్యమ్మ, ఆమె వెనక వాడ. ముందు నడుస్తున్న సబ్ ఇన్‌స్పెక్టర్‌ను చూసినవాళ్ళు ఆయన జనాన్ని తీసుకుపోతున్నాడో, జనం ఆయన్ని తీసుకుపోతున్నారో తేల్చుకోలేకపోయారు.

మాణిక్యమ్మ సాయంత్రం దాకా ఠాణా అరుగు మీద కూర్చుంది. ఆరయింది. గంట కొట్టాలి. బకెట్ ఆ నెలలో పూర్తిగా రెండు ముక్కలైపోయింది. ఇక వేరే దారి లేక కృష్ణయ్య గంటని తెచ్చి వేపచెట్టుకు కట్టి ఆరు కొట్టాడు. ఆ చప్పుడు గౌలిపుర దాకా స్పష్టంగా వినపడింది. జగన్నాథరావు పెరట్లో గొయ్యి పూడుస్తున్నవాడు ఆగి విన్నాడు. తన దాగలి కొడితే అంత బాగా మోగుతుందని పొద్దుటి నుంచి తనకి తట్టనేలేదు.

కొంతసేపటికి మాణిక్యమ్మ తిరిగొచ్చింది. అతన్ని తిడుతుందనుకున్నాడు. ఆమె చెంబుడు పాలు తెచ్చి గట్టు మీద పెట్టింది. "పాపం సారూ, నోటికాడి కూడు గుంజుకపోయిండ్రు," అంది జాలిగా. "దానికి నల్లరంగు పూసి, రిపేరయి వచ్చిన గంటేనని చెట్టుకు యాలాడేసిండ్రు, ఎవ్వరు గుర్తుపట్టరని. రంగు పూస్తె చప్పుడు దాగుతదా? ఇనుము గట్ల మోగదు."

"అది ఇనుమేనండీ, నిజంగా."

"గట్లనే అనుండ్రి. వాళ్ళు పోలీసోళ్ళు, మనమేం జేస్తం. కిరాయికి ఫికర్ చెయ్యకుండ్రి, ఆగి ఇయ్యుండ్రి," అని ఆమె కళ్ళొత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి భోజనంలో ఎప్పుడూ లేనిది ఆదివారం నాడు పాయసం ఉంది. సీతారావమ్మ ఫ్యాన్ మాట ఎత్తలేదు. ఎదురుగా కూర్చుని, కొసరి కొసరి వడ్డించి, వీధి తలుపు వేసి ఉందో లేదో ఒకసారి చూసి వచ్చి, గొంతు బాగా తగ్గించింది.

"ఏవండీ, నాతో కూడా అబద్ధం దేనికి. వాళ్ళకి తెలియకుండా ఎన్ని దాచారు?"

జగన్నాథరావు చేతిలోని ముద్ద విస్తట్లో పడిపోయింది.

తరవాతి వారంలో ఠాణా ముందు వేపచెట్టు కింద జనసంచారం పెరిగింది. దారిన పోయేవాళ్ళు ఆగి గంటని గోటితో గీకి చూసేవాళ్ళు. ఒకతను దాని అంచున చిన్న రవ్వ గీరి తీసుకుని కంసాలి దగ్గరికి పరుగెత్తాడు. కంసాలి అది ఇనుమని చెబితే, కంసాలిని కూడా పోలీసులు కొనేశారన్నారు. ఇంకొకతను ఏకంగా రంపంతో దొరికాడు. గంట రెండోసారి పోతే దానికి ఏ రిపేరు చెప్పాలో వైకుంఠానికి తోచలేదు. దాన్ని చెట్టు మీద నుంచి దింపించి లాకప్‌లో పెట్టించి తాళం వేయించాడు. అప్పటి నుంచి కృష్ణయ్య గంటగంటకీ తాళం తీసుకుని లోపలికి వెళ్ళి, కొట్టి, బయటికొచ్చి తాళం వేస్తున్నాడు. ఏ నేరమూ చెయ్యకుండా ఇన్నాళ్ళుగా లోపలున్నది ఆ ఠాణాలో అదొక్కటేనని అతను అంటూ ఉంటాడు గానీ, అంత గట్టిగా అనడు.